కుర్చీలో మనిషి మారినప్పుడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. పిల్లలకు పెద్ద లక్ష్యాలు కనిపించేలా ఏదైనా చెప్పమన్నారు. మన పిల్లల్లో సైన్యంలోకి వెళ్లాలనుకునేవాళ్లు, క్షిపణులు తయారుచేయాలనుకునేవాళ్లు ఉన్నారని ఉపాధ్యాయులు చెప్పగా విన్నాను. అందుకే దేశ రక్షణలో అన్నిటికన్నా పైనున్న కుర్చీల గురించి మాట్లాడదామనుకున్నాను. ఆ కుర్చీల్లోకి మనుషులు ఎలా వస్తారు? ఎన్నాళ్లుంటారు? వాళ్లు మారిపోతుంటే పని ఎలా నిలుస్తుంది? నేను సైనికుణ్ణి కాను, ఇంజనీరుని. ఒక పని మొదలై పూర్తయ్యేలోపు ఎన్ని చేతులు మారుతుందో చూసినవాణ్ణి. ఆ అనుభవంతోనే మాట్లాడతాను.

ఇదంతా ఢిల్లీ గొడవ, మిర్చి కల్లాల దగ్గర మనకెందుకు అనుకోకండి. బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది. 2023 డిసెంబరులో అక్కడ ఆకాశ్ క్షిపణుల ఫైరింగ్ యూనిట్ ఒక్కటే, ఒకేసారి నాలుగు లక్ష్యాలను కూల్చింది. మన ఉమ్మడి ప్రకాశం జిల్లా కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద యుద్ధ విమానాలు అత్యవసరంగా దిగడానికి 4.1 కిలోమీటర్ల రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న విమానాలు దాని మీద తక్కువ ఎత్తులో ఎగిరి చూశాయి. 2024 మార్చి 18న దిగాయి కూడా. పత్తి ట్రాక్టర్లు తిరిగే దారి పక్కనే దేశ రక్షణ పని జరుగుతోంది.

ఇక కుర్చీల సంగతికి వద్దాం. సైనిక, నౌకా, వైమానిక దళాల అధిపతుల పదవీకాలం మూడేళ్లు, లేదా 62 ఏళ్లు నిండేదాకా. రెండిట్లో ఏది ముందొస్తే అది. వాళ్ల కింద ఉండే లెఫ్టినెంట్ జనరళ్లు 60 ఏళ్లకే రిటైరవుతారు. నియామకం చేసేది కేబినెట్ నియామకాల కమిటీ. అంటే కుర్చీ ఖాళీ అయ్యేనాటికి 60 దాటని వాళ్లలోంచే తర్వాతి మనిషి రావాలి. ఎంత సమర్థుడైనా ఆరు నెలలు ముందు పుట్టి ఉంటే అవకాశం పోతుంది. ప్రతిభతోపాటు పుట్టినతేదీ కూడా ఆ కుర్చీని నిర్ణయిస్తుంది.

పుట్టినతేదీ అనగానే ఇక్కడ చాలామంది నవ్వుతున్నారు. మన తరంలో సగం మంది జూన్, జులై నెలల్లోనే ఎందుకు పుట్టామో మనకూ తెలుసు, మన హెడ్మాస్టర్లకూ తెలుసు. బిడ్డకు ఐదేళ్లు నిండాలి కాబట్టి అడ్మిషన్ రిజిస్టర్లో లెక్క సరిపోయే తేదీ రాసేవారు. కానీ అలాంటి ఒక రాత దేశాన్నే కుదిపింది. జనరల్ వీకే సింగ్ గారి మెట్రిక్ సర్టిఫికెట్లో పుట్టిన సంవత్సరం 1951. ఆయన కుర్రవాడిగా సైన్యంలో చేరడానికి పెట్టిన దరఖాస్తులో 1950. ఆ ఒక్క అంకె తేడా ఆయన సైన్యాధిపతి అయ్యాక సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2012 ఫిబ్రవరిలో ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. మే 31న రిటైరయ్యారు. 1951 లెక్క నిలిచి ఉంటే ఇంకో పది నెలలు ఉండేవారు, ఆయన తర్వాత వచ్చే మనిషి కూడా మారిపోయి ఉండేవారేమో. ఇక్కడున్న ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. మీ చేతిలో ఉన్న రిజిస్టరు చిన్న పుస్తకం కాదు.

నియామకంలో రెండో చిక్కు సీనియారిటీ. వరసలో ముందున్న మనిషినే తీసుకోవాలా, ప్రభుత్వం తనకు తగినవాడనుకున్న మనిషిని ఎంచుకోవచ్చా? దీనికి మన తెలుగువారితో ముడిపడ్డ ఉదాహరణ ఉంది. కొటికలపూడి వెంకట కృష్ణారావు గారు 1981 జూన్ 1 నుంచి 1983 జులై 31 వరకు భారత సైన్యాధిపతిగా ఉన్నారు. ఆయన దిగిపోయే సమయంలో వరసలో ముందున్నది లెఫ్టినెంట్ జనరల్ ఎస్‌కే సిన్హా. ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆయన్ని దాటి జనరల్ ఏఎస్ వైద్యను ఎంచుకుంది. సిన్హా గారు ఉద్యోగం వదిలేశారు. అయితే వైద్య గారు ఊరికే వచ్చినవారు కాదు. 1965 యుద్ధంలో ఒకసారి, 1971 యుద్ధంలో ఇంకోసారి మహావీర చక్ర అందుకున్న యోధుడు. 2016లో కూడా ఇలాగే ఇద్దరు సీనియర్లను దాటి జనరల్ బిపిన్ రావత్‌ను సైన్యాధిపతిని చేశారు.

ఇందులో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పడానికి నేను రాలేదు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి ఎంచుకునే హక్కు ఉంది. సైన్యం ఆ మాటకు లోబడి ఉండటం వల్లే మన దేశంలో ఎప్పుడూ సైనిక పాలన రాలేదు. కానీ ఎందుకు ఎంచుకున్నారో బయటికి చెప్పకపోతే వరసలో ఉన్న ప్రతి అధికారికీ అనుమానం మిగులుతుంది. పని చూసి ఎంచారా, మనిషిని చూసి ఎంచారా అని. ఆ అనుమానం ఒకసారి పట్టుకుంటే కింది వరసలు పై అధికారికి నచ్చే మాటలే చెప్పడం మొదలుపెడతాయి. యుద్ధం వచ్చినప్పుడు దానికి మూల్యం చెల్లించేది సరిహద్దులో ఉన్న కుర్రవాడు.

కృష్ణారావు గారి జీవితంలో నాకు ఎక్కువగా నచ్చింది ఆయన సైన్యాధిపతి కావడం కాదు. 1975లో, ఇంకా ఆ పదవికి ఆరేళ్ల దూరంలో ఉన్నప్పుడు, రాబోయే పాతికేళ్లలో మన సైన్యం ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వం ఒక నిపుణుల కమిటీ వేసింది. దానికి అధ్యక్షులు ఆయనే. కాలినడకన వెళ్లే పదాతి దళాల్లో కొన్నిటిని కవచ వాహనాల్లోకి ఎక్కించాలన్న ఆలోచనకు ఆ కమిటీ ఊతమిచ్చింది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఏర్పడింది. అది ఈనాటికీ ఉంది. అందరం గుర్తుంచుకునేది ఆయన ఎక్కిన కుర్చీనే. అందులో ఆయన ఉన్నది రెండేళ్ల రెండు నెలలు. దానికి ముందు రాసిన కమిటీ నివేదిక మాత్రం ఎందరు సైన్యాధిపతులు వచ్చి వెళ్లినా పనిచేస్తూనే ఉంది.

ఇప్పుడు నా రంగానికి దగ్గరగా ఉన్న కుర్చీ గురించి చెబుతాను. రక్షణ పరిశోధనకు పెద్దగా ఉండే పదవి అది. 1948లో దౌలత్ సింగ్ కొఠారి మొదటి శాస్త్ర సలహాదారు. 1958లో డీఆర్‌డీవో పుట్టింది. 1961లో ఆ బాధ్యత తీసుకున్న రెండో మనిషి మన ఉమ్మడి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు. సీవీ రామన్ దగ్గర పరిశోధన చేసిన భౌతిక శాస్త్రవేత్త, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు. ఎనిమిదేళ్లు ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లలో చైనాతో ఒక యుద్ధం, పాకిస్తాన్‌తో ఒక యుద్ధం వచ్చాయి. తర్వాత అరుణాచలం గారు పదేళ్లు, అబ్దుల్ కలాం గారు ఏడేళ్లు. అంటే 1982 నుంచి 1999 వరకు పదిహేడేళ్లకు ఇద్దరే. ఆ తర్వాత 2022 దాకా ఇరవైమూడేళ్లలో ఆరుగురు. ఆ ఆరుగురిలో చివరివారు మన పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా మహిమలూరు నుంచి వచ్చిన సతీశ్ రెడ్డి గారు, 2018 నుంచి 2022 వరకు.

ఈ లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టండి. సూర్యలంకలో కాల్చిన ఆకాశ్ క్షిపణిని 1983 జులైలో ప్రభుత్వం ఆమోదించిన క్షిపణి కార్యక్రమంలో మొదలుపెట్టారు. పృథ్వి, అగ్ని, త్రిశూల్, నాగ్ కూడా ఆ కార్యక్రమంలోవే. హైదరాబాదు డీఆర్‌డీఎల్‌లో రూపకల్పన జరిగింది. ఆకాశ్ వైమానిక దళంలో లాంఛనంగా చేరింది 2015 జులైలో. ముప్పైరెండేళ్లు! అరుణాచలం గారి హయాంలో మొదలై కలాం, ఆత్రే, నటరాజన్, సారస్వత్, అవినాశ్ చందర్ గార్ల చేతుల మీదుగా క్రిస్టఫర్ గారి కాలానికి చేరింది. ఏడుగురు పెద్దలు. ఈలోగా రక్షణ మంత్రులు పదిమందికి పైగా మారారు. వారిలో మన పీవీ నరసింహారావు గారూ ఉన్నారు. ఆకాశ్ నాది అని వీళ్లలో ఏ ఒక్కరూ చెప్పలేరు. ఇందులో ఏ ఒక్కరైనా వద్దని పక్కన పడేసి ఉంటే మాత్రం అది వచ్చేది కాదు.

మన పొలాల్లో ఉన్న మాటతో చెప్పాలంటే, ఏడాది కౌలుకు చేసే రైతు పొలానికి చెరువు మట్టి తోలించడు. ఎందుకు తోలిస్తాడు? ఈ ఏడు ఖర్చు అతనిది, బలం వచ్చేది మూడేళ్లపాటు, వచ్చే ఏడు పొలం ఎవరిదో తెలియదు. అతను చేతకాక కాదు, కౌలు గడువు అతనితో అలా లెక్క వేయిస్తుంది. రెండేళ్లకు దిగిపోయే అధికారి చేత ఇరవై ఏళ్ల పనికి మట్టి తోలించాలంటే అతని మంచితనం మీద ఆధారపడితే చాలదు. వ్యవస్థ ఆ ఏర్పాటు చేయాలి.

మరి ఎక్కువ కాలం ఒక్కరే ఉంటే మంచిదా అని మీరు అడగవచ్చు. అదీ కాదు. ఒకే మనిషి పదేళ్లు కూర్చుంటే కొత్త ఆలోచన లోపలికి రాదు, పనిలో తప్పు చెప్పేవాడు మిగలడు. 2015లో అగ్ని క్షిపణుల నిర్మాత అవినాశ్ చందర్ గారి కాంట్రాక్టు 2016 మే వరకు ఉండగానే జనవరి 31తో ముగించారు. డీఆర్‌డీవోకు చిన్న వయసు వాళ్లు నాయకత్వం వహించాలన్నది అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ గారి వాదన. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. నన్ను ఆలోచింపజేసేది ఆ తర్వాత జరిగింది. కొత్త పెద్ద వచ్చింది మే నెలాఖరులో. ఆ నాలుగు నెలలు రక్షణ శాఖ కార్యదర్శి అదనపు బాధ్యతగా చూశారు. మళ్లీ 2018లో క్రిస్టఫర్ గారు మే నెలలో దిగితే, సతీశ్ రెడ్డి గారి నియామకం ఆగస్టు 25 దాకా జరగలేదు. అప్పుడూ రక్షణ శాఖ కార్యదర్శికే అదనపు బాధ్యత. క్రిస్టఫర్ గారు ఫలానా రోజున దిగుతారని చాలా ముందే తెలుసు. ఆ మూడు నెలల ఖాళీ ప్రమాదవశాత్తూ వచ్చింది కాదు.

ఎఫ్ఏసీ అంటే ఏమిటో మన ఉపాధ్యాయులకు నేను చెప్పక్కర్లేదు. పక్క బడి హెడ్మాస్టరు రెండు రోజులకోసారి వచ్చి జీతాల బిల్లు మీద సంతకం పెట్టి వెళతారు. బడి మూతపడదు. కానీ కొత్తగా ఏ పనీ మొదలు కాదు. పగిలిన ల్యాబ్ పైపు అలాగే ఉంటుంది. పెద్ద సంస్థల్లోనూ అంతే. రోజువారీ ఫైళ్లు కదులుతాయి, పెద్ద నిర్ణయాలు కొత్త మనిషి కోసం కాచుకుంటాయి.

ఎవరూ ఊహించని ఖాళీ వేరు. మూడు దళాలను కలిపి చూసే పెద్ద ఒకరుండాలని కార్గిల్ యుద్ధం తర్వాత 2001లో మంత్రుల బృందం సిఫారసు చేసింది. ఆ పదవిలో మొదటి మనిషి, జనరల్ బిపిన్ రావత్, కూర్చున్నది 2020 జనవరి 1న. సిఫారసుకూ కుర్చీకీ మధ్య పద్దెనిమిదేళ్లకు పైగా. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన చనిపోయారు. అదే హెలికాప్టర్లో ఆయన భద్రతా సిబ్బందిగా ఉన్న మన ఉమ్మడి చిత్తూరు జిల్లా బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ కూడా ప్రాణం వదిలారు. తర్వాతి త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ బాధ్యత తీసుకున్నది 2022 సెప్టెంబరు 30న. మధ్యలో నియమాలు మార్చి, రిటైరైన లెఫ్టినెంట్ జనరళ్లను కూడా పరిగణించే వీలు కల్పించారు. మూడు దళాలను ఒక తాటి మీదకు తేవాలని సృష్టించిన కుర్చీ తొమ్మిది నెలలకు పైగా ఖాళీగా ఉంది. మరణం ఎవరి చేతిలోనూ లేదు. ఒకరు హఠాత్తుగా లేకపోతే మర్నాడు ఎవరు అన్నది ముందే రాసిపెట్టుకోవడం మాత్రం మన చేతిలో పనే.

విద్యుత్ రంగంలో మేము దీన్ని కష్టపడి నేర్చుకున్నాం. థర్మల్ కేంద్రంలో రోజుకు మూడు షిఫ్టులు. తర్వాతి షిఫ్టు ఇంజనీరు వచ్చి లాగ్ బుక్ చదివి సంతకం పెట్టేదాకా ముందు షిఫ్టు ఇంజనీరు కుర్చీ దిగకూడదు. రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు తనే చేయాలి. లాగ్ బుక్‌లో ఏ బేరింగ్ వేడెక్కుతోందో, ఏ పంపు ఆగిందో, ఎవరు లైన్ క్లియర్ తీసుకుని ఏ లైను మీద పనిచేస్తున్నారో అన్నీ ఉంటాయి. లైన్ క్లియర్ సంగతి మీకూ తెలుసు. స్తంభం మీద మన లైన్‌మన్ ఉంటాడు. ఆ ఒక్క ముక్క రాయకుండా షిఫ్టు మారితే, కొత్తగా వచ్చినవాడు ఎంత తెలివైనవాడైనా స్విచ్ వేస్తాడు. మనిషి పోతాడు. అప్పగింత అంటే పూలదండ, గ్రూప్ ఫోటో అనుకునేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను.

దేశ రక్షణకు కూడా కావలసింది ఇదేనని నా అభిప్రాయం. పదవికి గడువు ఉండాలి, ఆ గడువు అందరికీ ముందే తెలియాలి. దిగేవారి పేరు తెలిసినప్పుడే ఎక్కేవారి పేరూ తెలియాలి. ఇద్దరూ కొన్ని వారాలు పక్కపక్కన పనిచేయాలి. పై కుర్చీ మారుతున్నప్పుడు ప్రాజెక్టు నడిపే మనిషిని కూడా అదే సమయంలో కదపకూడదు. ఏ పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది కాగితం మీద ఉండాలి. కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రం వస్తుందని మనం పదేళ్లకు పైగా వింటూ వచ్చాం. సుమారు 1,460 కోట్ల రూపాయల ఆ పనికి శంకుస్థాపన జరిగింది 2025 మే 2న. ఇది పూర్తయ్యేలోపు ఎన్ని కుర్చీలు మారతాయో తెలియదు. ఈ పని వాటితోపాటు ఊగకుండా ఉంటే చాలు.

కుర్చీ దిగడంలోనూ ఒక పద్ధతి ఉందని చెప్పడానికి ఒక పేరు. 2014 ఫిబ్రవరి 26న సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్ముకుని ఇద్దరు అధికారులు చనిపోయారు. అదే రోజు నౌకాదళాధిపతి అడ్మిరల్ డీకే జోషి నైతిక బాధ్యత తీసుకుని రాజీనామా చేశారు. ఆ జలాంతర్గామిలో ఆయన లేరు. అయినా తనది బాధ్యత అన్నారు.

పిల్లలూ, ఈ పెద్ద పేర్లన్నీ విన్నాక ఇదంతా మనకు అందేది కాదనుకోకండి. 2024లో జనరల్ ఉపేంద్ర ద్వివేది సైన్యాధిపతి, అడ్మిరల్ దినేశ్ త్రిపాఠి నౌకాదళాధిపతి అయ్యారు. ఇద్దరూ మధ్యప్రదేశ్‌లోని రీవా సైనిక్ స్కూల్లో ఒకే తరగతిలో చదువుకున్నవాళ్లు. ఒక బడి ఒక తరగతి గది నుంచి ఇద్దరు! మన రాష్ట్రంలోనూ 1962 నుంచి విజయనగరం దగ్గర కోరుకొండలో, 2014 నుంచి కలికిరిలో సైనిక్ స్కూళ్లున్నాయి. మీరూ ప్రయత్నించండి. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. దళాధిపతి అయ్యేది లక్షల్లో ఒకరు, అదీ మూడేళ్లకు మించకుండా. మిగిలిన వాళ్లు ముప్పై ఏళ్లు చేసే పని మీదే దేశం నిలబడుతుంది. ఆకాశ్‌లో ఒక చిన్న సర్క్యూట్ సరిచేసిన ఇంజనీరు పేరు మీకూ నాకూ తెలియదు. సూర్యలంకలో ఆ క్షిపణి గురి తప్పలేదు.

చివరగా మన సంఘం వాళ్లకు. ఈ స్వర్ణోత్సవం అయ్యాక కొత్త కార్యవర్గం వస్తుంది. పాత కార్యవర్గం లెక్కల పుస్తకంతోపాటు మరో కాగితం కూడా అప్పగించాలని నా కోరిక. ల్యాబ్‌కు ఇస్తామన్న పరికరాల్లో ఏవి వచ్చాయి, ఏవి రాలేదు, ఏ పేద విద్యార్థికి ఎన్నేళ్లు ఫీజు కడతామని మాట ఇచ్చాం, ఎన్నేళ్లు కట్టాం అన్నది అందులో ఉండాలి. కార్యవర్గం మారిందని ఆ బిడ్డ చదువు మధ్యలో ఆగకూడదు. కొత్తగా వచ్చేవారు ఆ కాగితం చదివి, సంతకం పెట్టి, ఆ తర్వాతే దండలు వేయించుకుంటే బాగుంటుంది.